పగిలి వచ్చిన పార్శిల్: కంపెనీ పాలసీ వేరు, చట్టం ఇచ్చిన హక్కు వేరు

బట్టల కొట్లలో, ఫ్యాన్సీ దుకాణాల్లో గల్లాపెట్టె వెనుక గోడకు “ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అన్న బోర్డు వేలాడుతూ ఉండటం తెలుగు ఊళ్లలో రెండు మూడు తరాలుగా అందరూ చూసినదే. ఆన్‌లైన్ అంగళ్లు వచ్చాక ఆ బోర్డు పోయి, దాని చోట “ఏడు రోజుల్లో రిటర్న్” అన్న మాట వచ్చింది. ఈ రెండో మాట మొదటిదానికంటే ఉదారంగా వినిపిస్తుంది కాబట్టి, కొన్నవారికి ఉన్న హక్కంతా ఆ ఏడు రోజుల్లోనే ఇమిడి ఉందని, గడువు దాటితే చేయగలిగింది లేదని చాలామంది నమ్ముతున్నారు. నిజానికి బోర్డూ, యాప్‌లోని గడువూ ఒక్క కోవకే చెందుతాయి. రెండూ వ్యాపారి తన వైపు నుంచి రాసుకున్న షరతులే. పగిలినదో చెడిపోయినదో ఇంటికి వచ్చినప్పుడు దాన్ని తిప్పి పంపే హక్కు ఆ షరతుల్లోంచి పుట్టలేదు కనుక, ఆ షరతులతోనే అంతమైపోదు.

ఈ తేడాను ముందుగానే తేల్చుకోవాలి. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో వస్తువును వెనక్కి పంపే సాధారణ హక్కును భారతదేశంలో వినియోగదారుల చట్టం ఇవ్వలేదు. ఐరోపా సమాఖ్య దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్నవారు కారణం చెప్పకుండానే 14 రోజుల్లోపు ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు. ఇక్కడ అటువంటి వెసులుబాటు లేదు. కాబట్టి నచ్చని చీరను తిప్పి పంపే విషయంలో కంపెనీ పాలసీయే శాసనం, అందులో ఏడు రోజులంటే ఏడు రోజులే. అదే చీర చిరుగుతో వచ్చినా, మిక్సీ జారు పగిలి వచ్చినా, బొమ్మలో చూపిన టేకు మంచానికి బదులు నాసిరకం చెక్క మంచం వచ్చినా వ్యవహారం పాలసీ పరిధి దాటి చట్టం పరిధిలోకి వస్తుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో కేంద్రం ప్రత్యేకంగా ఈ-కామర్స్ నిబంధనలు తెచ్చింది. లోపం ఉన్న వస్తువును గానీ, నకిలీని గానీ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేనిదాన్ని గానీ వెనక్కి తీసుకోవడానికి, తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించరాదని వాటిలో ఆరో నిబంధన స్పష్టంగా చెబుతుంది. చెప్పిన తేదీ దాటి ఆలస్యంగా వచ్చిన వస్తువుకు కూడా, ఆ ఆలస్యం ఎవరి చేతుల్లోనూ లేని కారణం వల్ల జరిగితే తప్ప, ఇదే వర్తిస్తుంది. “ఈ వస్తువుకు రిటర్న్ లేదు” అని ముందే రాసి అమ్మే లోదుస్తులు, సౌందర్య సాధనాలు, తగ్గింపు ధరల సరుకు కూడా ఈ నిబంధనకు వెలుపల లేవు. ఆ రాత, నచ్చలేదని తిప్పి పంపడాన్ని అడ్డుకోగలదేమో గానీ, సీసా పగిలి కారిపోయి వచ్చిన నూనెను కొన్నవారి నెత్తిన రుద్దలేదు.

గడువు సంగతి కొంచెం చిక్కుగా ఉంటుంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడాన్ని చట్టంలోని రెండో సెక్షను అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. అయితే ఆ వాక్యంలోనే, బిల్లులో గడువు ఉంటే ఆ గడువులోపు, లేకపోతే 30 రోజుల్లోపు అన్న మాట కూడా ఉంది. కంపెనీలు ఏడు రోజులనో పది రోజులనో పట్టుకుని వాదించడానికి ఈ మాటే ఆధారం. ఈ-కామర్స్ నిబంధనలో మాత్రం అలాంటి రోజుల లెక్క కనిపించదు. పైగా లోపమున్న వస్తువు అమ్మారన్న ఫిర్యాదును వినియోగదారుల కమిషన్ ముందుకు తీసుకువెళ్లడానికి చట్టం ఇచ్చిన కాలపరిమితి రెండేళ్లు. కాబట్టి యాప్‌లో రిటర్న్ బటన్ మాయమైనంత మాత్రాన హక్కు మాయం కాదు, సులువైన దారి ఒకటి మూసుకుపోతుందంతే. అలాగని నింపాదిగా కూర్చోవడం కూడా క్షేమం కాదు. తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా తగినంత కాలం సరుకును దగ్గర ఉంచుకుంటే దాన్ని అంగీకరించినట్టే అవుతుందని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం చెబుతోంది. వస్తువు ఎప్పుడు తిరిగి వెళ్లిందన్నది తర్వాతి మాట. పాడై వచ్చిందని రాతపూర్వకంగా ఎంత త్వరగా చెప్పారన్నదే ముందు చూస్తారు.

చెప్పాల్సింది ఎవరికి అన్నది తర్వాతి ప్రశ్న. యాప్ పేరు తెలిసినంతగా అసలు అమ్మినవారి పేరు కొన్నవారికి తెలియదు. విదేశీ పెట్టుబడి ఉన్న ఈ-కామర్స్ సంస్థలు తమ సొంత సరుకును నేరుగా వినియోగదారుకు అమ్మకూడదని, ఇతరులు అమ్ముకునే వేదికగా మాత్రమే ఉండాలని మన విదేశీ పెట్టుబడి విధానం చెబుతుంది. అందువల్ల పెద్ద యాప్‌లలో కొన్న టీవీ అయినా, కుక్కర్ అయినా, కాగితం మీద అమ్మింది మరో సంస్థ. ఆ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఇన్‌వాయిస్ మీద ఉంటాయి. చాలామంది డౌన్‌లోడ్ కూడా చేసుకోని ఆ ఒక్క కాగితమే తర్వాత ప్రతివాది ఎవరో తేల్చేది. పగిలిన వస్తువుకు ప్రాథమిక బాధ్యత ఆ అమ్మకందారుదే. అయితే వేదిక నడిపే సంస్థ “మేము మధ్యవర్తులం మాత్రమే” అని చేతులు దులుపుకోవడం మునుపటంత సులువు కాదు. అమ్మకందారు వివరాలు చూపడం, రిటర్న్, రిఫండ్ షరతులు ముందే తెలపడం, ప్రతి ఫిర్యాదుకూ జాడ తీయగలిగే టికెట్ నంబరు ఇవ్వడం, గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబరు ప్రకటించడం దాని విధి. ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. సమాచార సాంకేతిక చట్టంలోని 79వ సెక్షను మధ్యవర్తులకు ఇచ్చే రక్షణ (తమ వేదిక మీద ఇతరులు పెట్టినదానికి తాము బాధ్యులు కాకపోవడం) కూడా ఆ సెక్షనులోని షరతులను పాటించిన వారికే.

నియంత్రణ సంస్థ ఈ వాదనను ఎలా చూస్తుందో 2022 ఆగస్టులో తెలిసింది. నిర్దేశిత ప్రమాణాలకు తగని ప్రెషర్ కుక్కర్లను తన వేదిక మీద అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ లక్ష రూపాయల జరిమానా విధించి, అమ్ముడుపోయిన 2,265 కుక్కర్ల విషయం కొన్నవారికి తెలియజేసి, వాటిని వెనక్కి తెప్పించి, డబ్బు తిరిగి ఇవ్వమని ఆదేశించింది. ప్రతి కుక్కరు అమ్మకం మీద రుసుము తీసుకుంటూ, ఇబ్బంది వచ్చినప్పుడు మాత్రం పక్కకు తప్పుకోవడం కుదరదన్నది ఆ ఉత్తర్వు సారం. అది భద్రతా ప్రమాణాల వ్యవహారమే, పగిలిన పార్శిల్ వ్యవహారం కాదు. అయినా ఫిర్యాదులో అమ్మకందారునూ వేదికనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చడం ఎందుకు మంచిదో అది చెబుతుంది. ఇక కొరియర్ సంస్థ వెంట కొన్నవారు పరుగెత్తాల్సిన పని సాధారణంగా ఉండదు. దాన్ని ఎంచుకున్నదీ, దానితో ఒప్పందం చేసుకున్నదీ వారు కాదు. దారిలో పగిలిందా, గోదాములో పగిలిందా అన్నది అమ్మకందారు, కొరియర్ తమలో తాము తేల్చుకోవలసిన లెక్క. సరుకు స్వభావానికి తగినట్టు రవాణా ఒప్పందం చేసుకోవలసిన బాధ్యతను అమ్మకందారు మీద పెట్టింది 1930 చట్టమే. రైలు పార్శిళ్ల కాలంలో రాసిన ఆ మాట, బుడగల కవరు చుట్టకుండా గాజు గిన్నెలు పంపే ఈ కాలానికీ సరిపోతుంది.

ఈ అంశంలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది పెద్ద టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ లాంటివి కొన్నవారు. పెట్టె సోమవారం వస్తుంది. కంపెనీ టెక్నీషియన్ వచ్చేదాకా తెరవవద్దని దాని మీదే రాసి ఉంటుంది. అతను గురువారం వచ్చి విప్పేసరికి తెర మీద సాలెగూడులాంటి పగులు కనిపిస్తుంది. యాప్‌ను అడిగితే బ్రాండ్ సర్వీస్ సెంటర్‌ను సంప్రదించమంటుంది; సర్వీస్ సెంటర్ వారు “ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు” అని జాబ్ షీట్ మీద రాస్తారు; ఆ కాగితాన్నే యాప్ సాక్ష్యంగా చూపి, కొన్నవారి చేతిలోనే పగిలిందంటుంది. ముగ్గురూ తమ తమ నియమాల ప్రకారమే మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు, డబ్బు కట్టినవారు మాత్రం మధ్యలో నలిగిపోతారు. ఇక్కడ గుర్తించవలసింది ఏమిటంటే, వారంటీ తయారీదారు తన ఇష్టంతో ఇచ్చే అదనపు హామీ మాత్రమే. వాడుతుండగా పగిలినదానికి వారంటీ ఉండకపోవచ్చు, అందులో తప్పు లేదు. పగిలినదాన్ని అందజేయడం వారంటీకి సంబంధించిన విషయమే కాదు. అది ఒప్పుకున్న వస్తువును ఒప్పుకున్న స్థితిలో ఇవ్వకపోవడం, దానికి జవాబుదారీ అమ్మకందారు. కాబట్టి ఇలాంటి సందర్భంలో “వారంటీ కింద బాగు చేయండి” అని అడగడమే మొదటి పొరపాటు, ఆ మాటతో ఫిర్యాదు తప్పు గుమ్మం ముందు నిలబడుతుంది. “పాడైన స్థితిలో అందింది, తిరస్కరిస్తున్నాను, మార్చి ఇవ్వండి లేదా డబ్బు వాపసు చేయండి” అన్నది సరైన అభ్యర్థన. టెక్నీషియన్ జాబ్ షీట్‌లో పగులు కారణం గురించి అతని ఊహకు బదులు, “పెట్టె తెరిచినప్పుడే పగులు ఉంది” అన్న కంటికి కనిపించిన వాస్తవాన్ని రాయించుకోగలిగితే సగం కేసు అక్కడే నిలుస్తుంది.

మిగిలిన సగం రుజువు. సేవాలోపం జరిగిందని నిరూపించవలసిన భారం ఫిర్యాదుదారు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 2021లో ఒక కేసులో మరోసారి చెప్పింది. చట్టం వినియోగదారు పక్షాన ఉన్నంత మాత్రాన సాక్ష్యం లేకుండా గెలిపించదు. పెట్టె ఆరు వైపులా, చిరునామా లేబుల్ కనబడేలా తీసి, ఆపకుండా కొనసాగించిన అన్‌బాక్సింగ్ వీడియోకు విలువ అందుకే. అలాంటి వీడియో లేకపోతే రిఫండ్ ఇవ్వబోమని కొందరు అమ్మకందారులు షరతు పెడతారు. వీడియో ఉంటేనే హక్కు ఉంటుందని మాత్రం చట్టంలో ఎక్కడా లేదు. ఫొటోలు, అందిన రోజే పెట్టిన ఫిర్యాదు, చాట్‌లో వారిచ్చిన జవాబు, సొట్టపడిన అట్టపెట్టె కూడా సాక్ష్యాలే. యాప్‌లోని చాట్ కొన్నాళ్లకు కనబడకుండా పోవచ్చు కనుక స్క్రీన్‌షాట్లు వెంటనే తీసుకోవాలి, అసలు ఫొటో ఫైళ్లను ఫోన్‌లోంచి చెరిపేయకూడదు. అట్టపెట్టెను అదే రోజు పాతసామాన్ల వాడికి వేసేయడం మన ఇళ్లలో మామూలే గానీ, వివాదం ఉన్నప్పుడు అది సాక్ష్యాన్ని కిలోల లెక్కన అమ్ముకోవడమే.

ఓపెన్ బాక్స్ డెలివరీ వచ్చాక మరో మెలిక పుట్టింది. డెలివరీ కుర్రాడు గుమ్మం దగ్గరే పెట్టె విప్పి చూపించి, అంతా బాగుందంటేనే ఓటీపీ అడుగుతాడు. ఓటీపీ చెప్పడమంటే సంతకం పెట్టడమే. పైకి కనబడే సొట్టల గురించి ఆ తర్వాత వివాదం లేవదీయడం కష్టమవుతుంది. కరెంటు పెడితే గానీ బయటపడని లోపానికి మాత్రం ఆ ఓటీపీ అడ్డు రాదు, ఎందుకంటే గుమ్మం దగ్గర నిలబడి పరీక్షించడం సాధ్యం కానిదాన్ని పరీక్షించి అంగీకరించారని అనలేరు. కుర్రాడు తొందరపెడుతున్నాడని, ఎండలో నిలబడ్డాడని జాలితో ముందే ఓటీపీ చెప్పేవారు చాలామందే. అతని తొందర కూడా అతనిది కాదు, అతనికి పెట్టిన లెక్కలది. అయినా ఆ రెండు నిమిషాలు ఆగమనడం మర్యాద తప్పడం కాదు.

పట్టణాలకు దూరంగా ఉన్నవారికి వేరే ఇబ్బంది ఉంది. వస్తువు అందజేసేటప్పుడు పనికివచ్చిన పిన్‌కోడ్, వెనక్కి తీసుకువెళ్లే వేళకు పనికిరాకుండా పోతుంది. “మీ ప్రాంతంలో పికప్ సౌకర్యం లేదు, మీరే కొరియర్ చేయండి” అన్న సందేశం ఆదిలాబాద్ వైపు గూడేల్లోనూ, పార్వతీపురం మన్యంలోనూ ఉన్నవారికి వస్తే, దగ్గరలోని కొరియర్ ఆఫీసుకు పోయి రావడానికే ఒక రోజు కూలి పోతుంది. ఇక్కడ కూడా 1930 నాటి ఆ సరుకుల విక్రయ చట్టమే అక్కరకు వస్తుంది. సరుకును తిరస్కరించే హక్కు ఉన్నవారు దాన్ని తిరిగి పంపాల్సిన బాధ్యత లేదనీ, తిరస్కరిస్తున్నట్టు తెలియజేస్తే చాలనీ దాని 43వ సెక్షను అంటుంది. వేరే ఒప్పందం ఉంటే తప్ప అన్న మినహాయింపు అందులో ఉంది, ఆ మినహాయింపును తమ షరతుల్లో దూర్చడానికి కంపెనీలు ప్రయత్నిస్తాయి కూడా. అయినా, లోపం తమదైనప్పుడు తీసుకువెళ్లే ఖర్చు కొన్నవారి మీద వేసే షరతు ఎంతవరకు న్యాయమో ప్రశ్నించడానికి ఆ సెక్షను గట్టి ఆధారం. రిఫండ్‌ను డబ్బుగా కాక కూపన్‌గానో, యాప్ వాలెట్‌లోనో వేస్తామనడమూ ఇలాంటిదే. 2024 అక్టోబరులో ఓలా క్యాబ్‌ల విషయంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, రిఫండ్ బ్యాంకు ఖాతాలోకా కూపన్‌గానా అన్నది ఎంచుకునే అవకాశం వినియోగదారుకే ఇవ్వమని ఆదేశించింది.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉన్న పిల్లలు విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు యాప్‌లో ఫ్రిజ్ బుక్ చేయడం ఇప్పుడు సర్వసాధారణం. డబ్బు కట్టింది కొడుకు, వస్తువు అందింది తల్లికి. మరి వినియోగదారు ఎవరు? కొన్నవారి సమ్మతితో వాడుకునేవారు కూడా వినియోగదారులేనని చట్టం నిర్వచనంలోనే ఉంది కాబట్టి తల్లి తన పేరునే ఫిర్యాదు చేయవచ్చు. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని దాని మీదే బతికే మహిళ ఆన్‌లైన్‌లో కొన్న మిషను పగిలి వచ్చినా అంతే. తిరిగి అమ్ముకోవడానికో, వాణిజ్య ప్రయోజనానికో కొన్నవారు వినియోగదారులు కారు గానీ, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం మాత్రమే కొని వాడుకునేవారిని చట్టం వాణిజ్య లెక్కలోంచి తప్పించింది.

యాప్‌లోనూ గ్రీవెన్స్ ఆఫీసర్ దగ్గరా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అది కోర్టు కాదు, కంపెనీని బలవంతపెట్టే అధికారం దానికి లేదు. అయినా కాల్ సెంటర్ కుర్రాళ్లను దాటి కంపెనీలో నిర్ణయం తీసుకునే వారి దాకా విషయం చేరుతుంది కాబట్టి చాలా చిన్న వివాదాలకు అక్కడ ప్రయత్నించడం దండగ కాదు. అక్కడా తేలకపోతే మిగిలేది జిల్లా వినియోగదారుల కమిషన్, జనం నోట ఇంకా కన్జ్యూమర్ ఫోరం. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు ఉన్న వ్యవహారాలన్నీ అక్కడికే పోతాయి; 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము కూడా లేదు. 2025 జనవరి నుంచి ఉన్న ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల్లోనో ఢిల్లీ కోర్టుల్లోనో తేల్చుకోవాలని యాప్ షరతుల్లో రాసి ఉన్నా బెదరనక్కరలేదు. ఫిర్యాదుదారు తాను నివసించే చోట గానీ, పనిచేసే చోట గానీ దాఖలు చేసుకునే వీలు 2019 చట్టంతోనే వచ్చింది, పాత 1986 చట్టంలో అది లేదు. వివాదాన్ని కోర్టుకు కాక మధ్యవర్తి తీర్పుకు అప్పగించాలన్న ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపులు మూసుకుపోవని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో తేల్చింది.

కమిషన్‌ను కోరవలసినదాన్ని కొలత ప్రకారం కోరడం మంచిది. వస్తువు మార్పిడి లేదా వడ్డీతో ధర వాపసు, జరిగిన నష్టానికీ వేదనకూ పరిహారం, ఖర్చులు అడగవచ్చు. తొమ్మిది వందల రూపాయల ఫ్లాస్కుకు పది లక్షల మానసిక క్షోభ రాసుకొస్తే అసలు ఫిర్యాదు తేలికైపోతుంది. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసును నోటీసు అందిన మూడు నెలల్లో, అవసరమైనదాన్ని ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటున్నా, ఆచరణలో వాయిదాలు ఆ లెక్కను చాలాసార్లు దాటిపోతాయి. ఆ ఓపిక అందరికీ ఉండదన్నది కంపెనీలకు తెలుసు, చిన్న మొత్తాల దగ్గర అవి మొండికేయడం దాని వల్లే. గెలిచిన తర్వాత మాత్రం పరిస్థితి మారుతుంది. జిల్లా కమిషన్ ఉత్తర్వు మీద రాష్ట్ర కమిషన్‌కు 45 రోజుల్లోపు అప్పీలు చేసుకునే కంపెనీ, చెల్లించాలని ఆదేశించిన మొత్తంలో సగం ముందుగా జమ చేయాలి. అప్పీలూ చేయకుండా, సొమ్మూ కట్టకుండా కూర్చుంటే 72వ సెక్షను కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ దశలో ఫిర్యాదుదారు కమిషన్ ముందు వేయవలసింది ఉత్తర్వును అమలు చేయించమని కోరే దరఖాస్తే.